పుట మధ్యలో నిలిచిపోయిన టికెట్టు

గత సంవత్సరం షాబాన్ మాసంలో, వార్షిక పరీక్షలు ముగిసి విద్యార్థులు పెట్టెలు సర్దుకుంటున్న రోజులలో, మా పూర్వ విద్యార్థి ఒకడు మమ్మల్ని చూడవచ్చాడు. మా వద్ద నాలుగేళ్లు చదివి, తండ్రి మరణంతో చదువు మధ్యలోనే ఆపి, కుటుంబ భారాన్ని నెత్తికెత్తుకున్న యువకుడు. ప్రస్తుతం పట్టణంలో సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం నడుపుకుంటున్నాడు. క్షేమ సమాచారాలు ముగిశాక ఒక సందేహం అడిగాడు. దుకాణం అద్దెకు తీసుకున్నప్పుడు యజమానికి రెండు లక్షల రూపాయలు అడ్వాన్సు కట్టాడట. ఖాళీ చేసే రోజున అది తిరిగి వస్తుంది. ఆ సొమ్ము మీద జకాత్ చెల్లించవలసిన బాధ్యత తనదా, యజమానిదా?

మేము క్షణమైనా ఆలోచించలేదు. “సొమ్ము నీది, కాబట్టి జకాత్ కూడా నీదే” అన్నాము.

అతడు తల దించుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు: “తరగతిలో కూడా మీరు ఇదే చెప్పారు ఉస్తాద్‌జీ. నాకు గుర్తుంది. కానీ ఈ మధ్య ఒక ఉర్దూ పుస్తకం చదివాను. ఈ అడ్వాన్సును అప్పుగా పరిగణించాలా, తాకట్టుగా పరిగణించాలా అనే విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉందట. తాకట్టు అయితే తీర్పు వేరుగా ఉంటుందట. మీరు ఏ అభిప్రాయాన్ని బలమైనదిగా భావిస్తారో తెలుసుకుందామని వచ్చాను.”

మాకు మొదట కోపం వచ్చింది. దాచడమెందుకు? చదువు మధ్యలో ఆపినవాడు, స్క్రూడ్రైవరు పట్టుకుని బతుకుతున్నవాడు, పాతికేళ్లుగా ఫిఖ్‌హ్ బోధిస్తున్న మాకు భేదాభిప్రాయాల గురించి చెబుతున్నాడే అనిపించింది. ఏదో సర్దిచెప్పి పంపించాము. అతడు వెళ్లిన తరువాత కోపం చల్లారి, దాని స్థానంలో సిగ్గు మిగిలింది. మేము చెప్పిన సమాధానం తప్పు కాదు, దానిని సమర్థించే పండితులు ఉన్నారు. కానీ అది అభిప్రాయాలలో ఒకటి మాత్రమేనన్న సంగతే మాకు గుర్తులేదు. పదమూడేళ్ల క్రితం చెప్పిన మాటనే, అదే స్వరంతో, అదే ధీమాతో మళ్లీ చెప్పాము. ఈ పదమూడేళ్లలో మా వద్దకు వచ్చి ఇలాంటి సందేహాలు అడిగి, మా మాటను నమ్మి, దాని ప్రకారం నడుచుకున్న సామాన్యులు ఎందరో!

ఆ రాత్రి ఇషా నమాజు ముగించుకుని వచ్చి, మా బీరువా ముందు నిలబడ్డాము. పాఠ్యగ్రంథాలు ఉండే కింది అర తళతళలాడుతోంది, నిత్యం చేతులు తగిలే చోటు కదా. పై అరలో దుమ్ము. అందులో ఇబ్నె ఖల్దూన్ ‘ముఖద్దిమా’ కనిపించింది. చరిత్రనూ సమాజాన్నీ అర్థం చేసుకునే పద్ధతికి పునాది వేసిన ఆ గ్రంథాన్ని ఆయన రాజకీయాలకు దూరంగా, నేటి అల్జీరియాలోని ఒక కోటలో కూర్చుని 1377లో ఐదు నెలలలో పూర్తి చేశాడు. ఆయన ఐదు నెలలలో రాసిన దానిని మేము ఎంతవరకు చదివామో చూద్దామని తెరిస్తే, పుటల మధ్య నుండి ఒక ఆర్టీసీ బస్సు టికెట్టు జారిపడింది. గుర్తు కోసం పెట్టుకున్నదే. అక్షరాలు చాలావరకు వెలిసిపోయాయి, తేదీ మాత్రం కష్టం మీద కనిపించింది. తొమ్మిది సంవత్సరాల క్రితంది. తొమ్మిది సంవత్సరాలుగా ఆ టికెట్టు ఒకే పుటలో కూర్చుని మా కోసం ఎదురుచూస్తూ ఉంది.

పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. మదరసాలో ఉండేవారికి పుస్తకాలతో కాక మరి దేనితో పని? నిజమే, మా రోజంతా పుస్తకాల మధ్యనే గడుస్తుంది. మా విద్యా విధానంలో ‘ముతాలఆ’ అనే పద్ధతి ఉంది. మరునాడు జరగబోయే పాఠాన్ని విద్యార్థి ముందు రాత్రే స్వయంగా చదివి, తనకు అర్థమైనదేమిటో, కానిదేమిటో తేల్చుకుని తరగతికి రావాలి. పాఠం ముగిశాక సహపాఠులతో కూర్చుని దానిని మళ్లీ చెప్పుకోవడం ‘తక్రార్’. లక్నో ఫరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (రహ్మ) పేరిట ప్రసిద్ధమైన దర్సె నిజామీ 18వ శతాబ్దం నుండి నేటిదాకా ఈ ఉపఖండంలోని మదరసాలలో నడుస్తూ ఉందంటే, అందులో ముతాలఆ పాత్ర తక్కువది కాదు. విద్యార్థి దశలో మేమూ దానిని శ్రద్ధగానే పాటించాము. ఉపాధ్యాయులమయ్యాక తొలి సంవత్సరాలలో ఒక్కొక్క పాఠానికి మూడేసి వ్యాఖ్యాన గ్రంథాలు తిరగేసేవాళ్లము.

ఆ తరువాత పాఠం నోటికి వచ్చేసింది. ప్రమాదం అక్కడే మొదలైంది. అదే గ్రంథం, అదే అధ్యాయం, ఏటా అదే నెలలో అదే చమత్కారం, అదే చోట విద్యార్థుల నవ్వు. గానుగెద్దు కూడా పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది, సాయంత్రానికి చూస్తే పొద్దున ఉన్న చోటనే ఉంటుంది. బోధించడానికి చదవడం వేరు, తనకోసం తాను చదవడం వేరు. మొదటిది ఉద్యోగ ధర్మం. రెండవది లేకపోతే మొదటిది కూడా కొంతకాలానికి ఎండిపోతుంది. ఈ మాట మదరసా ఉపాధ్యాయులకే కాదు, బడిపంతుళ్లకూ, వైద్యులకూ, న్యాయవాదులకూ, మస్జిదులలో జుమా ప్రసంగాలు చేసే మా సోదరులకూ వర్తిస్తుందని మా నమ్మకం. ఒకే ప్రసంగాన్ని ఏడాదికి నాలుగు సార్లు వింటున్నామని నమాజీలు మా ముఖం మీద చెప్పరు, అంతే.

దైవప్రవక్త ముహమ్మద్ (స) పై అవతరించిన తొలి వాణి చదవమన్న ఆజ్ఞతోనే ఆరంభమైందని ప్రతి సభలోనూ చెబుతాము. చెప్పేవారిలో చదివేవారు ఎందరన్నది మాత్రం ఎవరూ అడగరు. మన పూర్వీకుల పఠనాసక్తిని గురించిన గాథలు కూడా మా ప్రసంగాలలో తరచుగా దొర్లుతుంటాయి. బస్రాకు చెందిన జాహిజ్ పుస్తక విక్రేతల దుకాణాలను రాత్రిపూట అద్దెకు తీసుకుని, తెల్లవార్లూ అక్కడే చదువుతూ గడిపేవాడట. ఖలీఫా ముతవక్కిల్ ఆస్థానంలో ఉండిన ఫత్‌హ్ ఇబ్నె ఖాఖాన్ తన అంగీ చేతిలో పుస్తకం దాచుకుని ఉండేవాడట, సభ నుండి లేచి బయటకు వెళ్లే ఆ కాస్త దూరంలో కూడా నాలుగు వాక్యాలు చదివేవాడట. బాగ్దాద్ పండితుడు ఇబ్నె అఖీల్ (రహ్మ) రొట్టె నమలడానికి పట్టే సమయం కూడా వృథా అని, ఎండు రొట్టె పొడిని నీళ్లలో నానబెట్టి మింగేవారట. (ఈ చివరి దానిని అనుసరించమని మేము ఎవరికీ సలహా ఇవ్వము. మధుమేహం, అజీర్ణం రెండూ ఉన్న వయసులో మా వైద్యుడు అందుకు ఒప్పుకోడు.)

ఈ గాథలు వినడానికి ఇంపుగా ఉంటాయి. కానీ చాలామందికి ఇవి మేలు కన్నా కీడే చేస్తాయేమోనని ఈ మధ్య మాకు అనిపిస్తోంది. “వాళ్లెక్కడ, మనమెక్కడ!” అని ఒక నిట్టూర్పు విడిచి, పుస్తకం మూసి పక్కన పెట్టడానికి అవి ఒక సాకుగా మారుతాయి. మాకు నిజంగా ఉపకరించిన గాథలు రెండు.

ఒకటి ఇబ్నె సీనాది. అరిస్టాటిల్ తత్త్వగ్రంథాన్ని నలభై సార్లు చదివి, కంఠస్థం అయినా అర్థం కాక ఆయన ఆశ వదులుకున్నాడు. ఒక సాయంత్రం పుస్తకాల అంగడిలో ఒక దళారి ఏదో పుస్తకం కొనమని వెంటబడ్డాడు. వద్దన్నాడు. యజమానికి డబ్బు అవసరంగా ఉంది, మూడు దిర్హములకే ఇస్తానని బతిమాలితే కొన్నాడు. తీరా చూస్తే అది అదే తత్త్వగ్రంథపు ఉద్దేశాలను వివరిస్తూ ఫారాబీ రాసినది! ఇంటికి వెళ్లి చదివాడు, చిక్కుముడి వీడింది. మరునాడు కృతజ్ఞతతో పేదలకు దానధర్మాలు చేశాడు. అంతటి మేధావికి కూడా నలభై సార్లు అర్థం కాలేదన్న మాట మాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. ఒక పుట అర్థం కాలేదని పుస్తకాన్ని తొమ్మిదేళ్లు మూసిపెట్టవలసిన అవసరం లేదు కదా!

రెండవది ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (రహ్మ) గారిది. 1201లో బాగ్దాద్‌లో మరణించిన ఈ మహా వక్త, తాను ఇరవై వేల సంపుటాలకు పైగా చదివానని, ఇంకా అన్వేషణలోనే ఉన్నానని రాసుకున్నారు. కానీ మమ్మల్ని ఆకట్టుకున్నది ఆ సంఖ్య కాదు. ఆయన ఇంటికి కూడా ఊసుపోక కబుర్లు చెప్పేవారు వస్తుండేవారు! రావద్దంటే బంధాలు తెగిపోతాయి, రానిస్తే కాలం హరించుకుపోతుంది. అందుకని ఆయన ఒక ఉపాయం చేశారు. కాగితాలు కత్తిరించడం, కలాలు చెక్కడం, రాతప్రతులను కట్టలు కట్టడం లాంటి మెదడుతో పనిలేని పనులన్నీ దాచిపెట్టుకుని, వారు వచ్చినప్పుడు కబుర్లు వింటూ ఆ పనులు చేసుకునేవారు. అతిథి నొచ్చుకోడు, చదివే వేళకు కాగితమూ కలమూ సిద్ధంగా ఉంటాయి. తీరిక దొరకడం కోసం ఆయన ఎదురుచూడలేదు. జనం మధ్యన ఉంటూనే, వారి హక్కు వారికి ఇస్తూనే, చదువుకు దారి చేసుకున్నారు. సంసారులకు పనికివచ్చే పాఠం ఇదే.

ఇక మా ప్రయత్నం సంగతి. ఆ రంజాన్ ముగియగానే, షవ్వాల్‌లో ఎంతో ఉత్సాహంగా ఒక ప్రణాళిక వేశాము. రోజుకు యాభై పుటలు! మొదటి రోజు యాభై, రెండవ రోజు ముప్ఫై ఎనిమిది. మూడవ రోజు కొత్త విద్యార్థుల చేరికలు. నాలుగవ రోజు ఒక పిల్లవాడికి జ్వరం వస్తే ఆసుపత్రిలో రాత్రి గడిచింది. ఐదవ రోజు బంధువుల ఇంట నికాహ్. ఆరవ రోజున, బాకీపడిన పుటల లెక్క చూసుకుంటే గుండె జారిపోయి, పుస్తకం వైపు చూడడమే మానేశాము. తక్కువైనా ఎడతెగక చేసే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించినట్లు ఎన్ని వందల మంది విద్యార్థులకు చెప్పామో! మా విషయానికి వచ్చేసరికి అది గుర్తుకు రాలేదు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఐదు పుటలు చాలనుకున్నాము. ఎప్పుడు చదవాలన్నది ప్రశ్న. ఫజ్ర్ తరువాత హిఫ్జ్ పిల్లల పాఠాలు వినాలి. జుహర్ తరువాత ప్రయత్నిస్తే, రెండవ పుటకే పుస్తకం ముఖం మీద పడేది. ఖైలూలా వేళ నిద్రతో పోరాడి గెలిచినవారు అరుదు. ఇషా తరువాత కళ్లు సహకరించవు. చివరకు మాకు దొరికిన సమయం మేము ఖాళీ అని ఏనాడూ అనుకోనిది. మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య విద్యార్థులు తక్రార్ చేస్తుంటే, పర్యవేక్షణ పేరుతో మేము హాలు చివర ఒక కుర్చీలో కూర్చుంటాము. ఆ గంటసేపూ మా చేతిలో ఏముండేదో మాకు తెలుసు, పిల్లలకు మా కన్నా బాగా తెలుసు. సెల్‌ఫోన్! వాట్సాప్‌లో వచ్చే సందేశాలు, ఏ గ్రంథంలో ఉందో తెలియని ‘హదీసులు’, ఎక్కడిదో తెలియని వీడియోలు. “ఫోను పక్కన పెట్టి చదవండి” అని పిల్లలను గద్దించే మేమే!

ఇప్పుడు మగ్రిబ్ నమాజు కాగానే ఫోను గదిలో పెట్టి, ‘ముఖద్దిమా’ పట్టుకుని ఆ కుర్చీలోకి వెళుతున్నాము. మొదటి వారంలో ఒక చిన్న విద్యార్థి వచ్చి, “ఉస్తాద్‌జీ, రేపు మీకు కూడా పరీక్ష ఉందా?” అని అడిగాడు. నవ్వు ఆపుకోలేకపోయాము. కానీ ఉస్తాద్ పరీక్ష లేకుండా కూడా చదువుతాడన్న సంగతి ఆ బాలుడికి అంతదాకా ఎవరూ చూపించలేదన్నమాట. నెల తిరిగేసరికి మా కుర్చీ చుట్టుపక్కల శబ్దం తగ్గింది. పెద్ద విద్యార్థులు ఇద్దరు ముగ్గురు, తక్రార్ అయిపోయాక కూడా ఏవేవో పుస్తకాలు పట్టుకుని అక్కడే కూర్చుంటున్నారు. మేము ఎవరికీ ఏమీ చెప్పలేదు.

లెక్క చూడండి. హిజ్రీ సంవత్సరంలో 354 రోజులు. దివ్య ఖుర్ఆన్‌కే అంకితమైన రంజాన్‌ను మినహాయించండి. జ్వరాలు, ప్రయాణాలు, నికాహ్‌లు, జనాజాల కింద మరో ఇరవై నాలుగు రోజులు తీసేయండి. మూడు వందల రోజులు మిగులుతాయి. రోజుకు ఐదు పుటలైనా 1,500 పుటలు. ఓ మోస్తరు గ్రంథాలు నాలుగు. తొమ్మిది సంవత్సరాలకు ముప్ఫై ఆరు! మేము పోగొట్టుకున్నది ఎంతో ఆ టికెట్టును చేతిలో పట్టుకుని లెక్కవేసుకున్నాము.

ఈ విషయంలో మాకు అసలైన గురువు మా ఇంట్లోనే ఉందని ఆలస్యంగా తెలిసింది. మా శ్రీమతి పల్లెటూరి బడిలో పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నారు. మేమేమో చిన్ననాడే మదరసాలో చేరి ఉర్దూ, అరబీ, ఫార్సీలలో మునిగిపోయి, బడిలో దిద్దిన తెలుగు అక్షరాలను సగం మరిచాము. వంటింట్లో బియ్యం డబ్బా మీద ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. పప్పు ఉడికేదాకా, పాలు పొంగేదాకా ఆమె నిలబడే చదివేవారు. అది ఏ పుస్తకమో మేము ఏనాడూ అడగలేదు. అడిగితే తెలిసింది, దివ్య ఖుర్ఆన్ తెలుగు వ్యాఖ్యానం. నాలుగేళ్లలో మొదటి నుండి చివరి దాకా పూర్తి చేసి, రెండవ విడత ఆరంభించారట. మేము విస్తుపోయి చూస్తుంటే, ఎత్తిపొడుపేమీ లేకుండా అన్నారు: “మీరు చదువు చెబుతారు, నేను చదువుకుంటాను. తేడా అంతే కదా!”

అప్పటి నుండి రాత్రి భోజనాల తరువాత పావుగంట సేపు ఆమె తెలుగులో చదువుతారు, మేము వింటాము. అరబీ పదం వస్తే మేము వివరిస్తాము. తెలుగు పదం అర్థం కాకపోతే ఆమె వివరిస్తారు. తెలుగువారి మధ్య పుట్టి, తెలుగువారి మధ్య ధర్మప్రచారం చేస్తూ, యాభై దాటాక తెలుగు నేర్చుకోవడం గర్వంగా చెప్పుకోదగినది కాదు. కానీ ఈ వ్యాసాన్ని ఈ భాషలో రాయగలుగుతున్నామంటే ఆ పావుగంటల పుణ్యమే. ఆమె తప్పులు దిద్దిన తరువాతే ఇది పత్రికకు వెళుతోంది.

మా మనవడి సంగతి కూడా చెప్పాలి, ఇది అనేక ముస్లిమ్ కుటుంబాల సమస్య కనుక. వాడు ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, చదవలేడు. వీధిలో తెలుగు మాట్లాడతాడు, కూడబలుక్కుని చదువుతాడు. బడిలో ఇంగ్లీషు చదువుతాడు, మార్కుల కోసం. మూడు భాషలు వచ్చిన పిల్లవాడికి హాయిగా చదువుకునే భాష ఒక్కటీ లేదు! ఏ భాషలో చదవాలని పెద్దలు వాదించుకునేలోగా పిల్లవాడి బాల్యం గడిచిపోతుంది. ఏదో ఒకటి ముందు గట్టిపడాలి, అది ఇంట్లో ఎవరు కూర్చుని వినగలరో వారి భాష అయితే మేలు. మా వాడు రోజూ నానీకి తెలుగులో ఒక పుట కథ చదివి వినిపిస్తున్నాడు. అద్దాల బీరువాలో పెళ్లి కానుకగా వచ్చిన తఫ్సీర్ సంపుటాలను బంగారు అక్షరాల అందం కోసం తాళం వేసి ఉంచే ఇళ్లు మాకు తెలుసు. ఆ తాళం చెవి పిల్లల చేతికి ఇవ్వమని మా విన్నపం. కాస్త చిరిగితే చిరగనివ్వండి.

హైదరాబాదులో చదువుకునే రోజులలో, గురువారం మధ్యాహ్నం సెలవు దొరికితే అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న గ్రంథాలయానికి వెళ్లేవాళ్లము. 1891లో ఆసఫియా పేరుతో ఆరంభమైన ఆ గ్రంథాలయంలో ఎత్తైన కప్పు కింద గంటలు నిమిషాలుగా గడిచేవి. ఆ నగరంలోనే 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్, అరుదైన అరబీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించి అరబ్బు దేశాలకు సైతం అందించింది. ఆ నగరంలోనే పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) దశాబ్దాల పాటు పారిస్‌లో ఉండి, ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు. అంతటి వారసత్వం ఉన్న చోట చదివి వచ్చామన్న గర్వంతోనే మేము తొమ్మిదేళ్లు పుస్తకం తెరవకుండా గడిపేశాము.

చదివేటప్పుడు పక్కన ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుంటున్నాము. అందులో విశేషాలు రాసుకోవడం లేదు, మాకు తెలియని సంగతులు మాత్రమే రాస్తున్నాము. అడ్వాన్సు మీద జకాత్ అనేది దానిలో మొదటి పుటలో మొదటి పంక్తి. దానిని చదివి, తోటి పండితులతో చర్చించి, ఆ యువకుడికి ఫోను చేసి చెప్పడానికి మాకు ఇరవై రోజులు పట్టింది. ఏ అభిప్రాయం ఎందుకు బలమైనదనిపించిందో చెప్పి, రెండవదాని వాదన కూడా వివరించాము.

మొన్న అతడు మళ్లీ వచ్చాడు. ఈసారి సెల్‌ఫోను యాప్‌లో కొనే బంగారం గురించి అడిగాడు. వస్తువు చేతికి రాకుండా, ఎక్కడో కంపెనీ ఖజానాలో ఉందని చెప్పే గ్రాముల లెక్కను కొనడం షరీఅత్ ప్రకారం సరైన బేరమేనా, స్వాధీనం కిందికి వస్తుందా అని. నాలుక చివరి వరకు ఒక సమాధానం వచ్చింది. మింగేసి, “మాకు తెలియదు. గురువారం రా, చదివి చెబుతాము” అన్నాము. అతడు సంచిలో నుండి ఒక పుస్తకం తీసి మా బల్ల మీద పెట్టి, “ఇందులో ఒక అధ్యాయం ఉంది ఉస్తాద్‌జీ, మీరు కూడా ఒకసారి చూడండి” అని వెళ్లిపోయాడు.

ఆ అధ్యాయం ఎనభై పుటలు. గురువారానికి ఇంకా నాలుగు రోజులు ఉంది. ఈ వారం ఐదు పుటలు చాలవు.